చాచా చెయ్యీ, గ్రాఫీన్ పొడీ

షంషాబాద్ చుట్టుపక్కల నా మాట వినేవాళ్లు చాలామంది ఉన్నారు, నమ్మేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. పాల్మాకులలో చాయ్ కొట్టు దగ్గర నేను నోరు తెరిస్తే చాలు, "అన్న మొదలువెట్టిండు" అని బెంచీ మీద జరిగి చోటిస్తారు. మా షెడ్డు మీదుగా పోతున్న విమానంలోంచి ఒక పైలట్ నాకు చెయ్యి ఊపాడని ఒక వారం చెప్పాను. మరుసటి వారం ఆ పైలట్ సైగతో చాయ్ అడిగాడన్నాను. కోతలు కోయడం నా సరదా. వినేవాళ్లకు పొద్దు పోతుంది, నాకు నోటి దురద తీరుతుంది, ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేవాణ్ణి.

నష్టం ఒకసారి జరిగింది. గ్రాఫీన్ అనే నల్లపొడితో, ఈ నా చేతులతోనే జరిగింది. దెబ్బ మాత్రం చాచాకు తగిలింది.

చాచా మా ఫైబర్ షెడ్డు యజమాని. అరవై దాటాడు. ఇరవై ఏళ్లుగా నేను ఆయన దగ్గరే పని చేస్తున్నాను. ఫైబర్ పని ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్తాను. అచ్చుకు మైనం రాసి, దాని మీద గాజునారతో చేసిన చాప పరుస్తాం. తేనెలా ఉండే ప్లాస్టిక్ జిగురులో గట్టిపడే మందు కలిపి కుంచెతో ఆ చాపకు తాపుతాం. ఆ జిగురును రెజిన్ అంటాం. పైన ఇనుప రోలర్ నడిపి లోపలి గాలి బుడగలన్నీ తరిమేస్తాం. మరునాటికి రాయిలా అవుతుంది. నీళ్ల ట్యాంకు మూతలు, బస్సు సీట్లు, బడి పిల్లల జారుడుబల్లలు అన్నీ ఇట్లా పుట్టినవే. బుడగ మిగిలిందంటే పగులు అక్కడే మొదలవుతుంది. చాచా రోలర్ తిరిగిన చోట బుడగ మిగలదు. ఇది కోత కాదు. మా షెడ్డుకు చెయ్యి ఆయన, నోరు నేను.

ఒకనాడు ఎయిర్‌పోర్టులో సామాన్ల బండ్లు చూసుకునే కంపెనీ నుంచి ఒక సారు వచ్చాడు. ట్రాక్టరు వెనక రైలు పెట్టెల్లా వరసగా పోతుంటాయే, ఆ బండ్లు. వాటి అడుగు పలకలు ఇనుపవి. బరువెక్కువ, పైగా వానాకాలం తుప్పు.

"తేలికగ ఉండాలె, గట్టిగ ఉండాలె. మీతోని అయితదా?" అన్నాడు.

చాచా గడ్డం నిమురుకుంటున్నాడు. ఆయన ఆలోచించేటప్పుడు ఒక విమానం దిగి ఇంకోటి ఎగిరేంత సేపు పడుతుంది. అంతసేపు నేను ఆగలేకపోయాను.

"అయితదా ఏంది సార్! మా పలక మీదికెల్లి బొలేరో తోలినా ఒంగది!"

చాచా నా కాలు తొక్కాడు. సారు మాత్రం నవ్వాడు.

"బొలేరో వద్దు గని ఇసుక బస్తాలు పేరుస్త. ట్రయల్ పలక ఒకటి చేసిపెట్టుండ్రి. ఆగితే పని మీకే. లేకుంటే మెషిన్ల ఒత్తి చేసేటోళ్లున్నరు, గాళ్లకిస్త."

ఆయన బండి మలుపు తిరగగానే చాచా మొదలుపెట్టాడు. "అరే, ఉత్త గాజు చాపకు బొలేరో ఎట్ల ఆగుతది? నీ నోటికి నా చెయ్యి ఎన్ని దినాలు కూలి చెయ్యాలె?"

ఆ వారంలోనే మేడం వచ్చింది. ప్లాస్టిక్‌ల మీద పరిశోధన చేస్తున్న కోస్తా అమ్మాయి. చేతిపని చేసే షెడ్డులో తన పొడిని పరీక్షించి చూడాలని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో ఒక పెద్ద డబ్బా. అందులో దూదిలా తేలిపోయే నల్లపొడి.

పొడి అన్న మాట వినగానే చాచా ముఖం ముడుచుకుంది.

"నక్కో బేటీ. నా షెడ్ల పొడి అడుగువెట్టది."

ఆయన కోపానికి కారణం ఉంది. రెజిన్ ఎక్కువ వచ్చినట్టు కనబడాలని దాంట్లో సుద్దపొడి కలిపేవాళ్లు మా పనిలో ఉన్నారు. చూపుకు బాగానే ఉంటుంది, ఏడాది తిరగకముందే పెళుసుబారి పగులుతుంది. అందుకే చాచా లెక్కలో పొడి కలిపేవాడంటే దొంగ, అంతే.

"చాచాగారూ, ఇది సుద్ద కాదండి" అంది మేడం. "పెన్సిల్‌లో ఉండే కర్బనమే. పెన్సిల్‌లో పొరలు పొరలుగా పేర్చినట్టు ఉంటుంది. ఆ పొరలు విడదీస్తే గ్రాఫీన్. ఒక్కో పొర మందం ఒక్క పరమాణువంతే, అయినా దాన్ని చింపడం చాలా కష్టం. రెజిన్‌లో కొంచెం సమంగా పరుచుకున్నా చాలు, పలక మీద పడిన బరువును ఈ పొరలు కూడా పంచుకుంటాయి. పగులు పుట్టినా సూటిగా పోనివ్వవు, దారి మళ్లిస్తాయి."

"కొంచెం అంటే?"

"కిలో రెజిన్‌కు అయిదు గ్రాములండి."

చాచా నమ్మలేదు. ఆయన చూపుకు అయిదు గ్రాములంటే ముక్కుపొడి.

"ఒక్క గ్రాములో ఉన్న పొరలన్నీ విడదీసి పక్కపక్కన పరిస్తే పదమూడు వందల చదరపు మీటర్లు కప్పేస్తుంది" అంది మేడం.

మా దగ్గర చదరపు మీటర్లు ఎవరికి చెప్పినా లోపల గుంటల్లో లెక్క చేసుకుంటారు, ఎకరానికి నలభై గుంటలు. చుట్టూ చేన్లన్నీ ప్లాట్లయ్యాక వచ్చిన జబ్బు ఇది. నేనూ చేసుకున్నాను. పదమూడు గుంటలు! ఒక్క గ్రాముతో! ఇరవై ఏళ్లుగా నేను కోసిన కోతలన్నీ ఒకవైపు పెట్టినా ఈ నిజానికి సరితూగవు. పరుగున చాయ్ కొట్టుకు పోయి చెప్పాను. అందరూ సాంతం విన్నారు. చివరికి ఒకాయన గ్లాసు కింద పెట్టి, "అన్నా, ఏమన్నగని గా పైలట్ కథనే మంచిగుండె" అన్నాడు.

మేడం మూడు రోజులు తిరిగి చాచాను ఒప్పించింది. పలకకు పది కిలోల రెజిన్, అంటే యాభై గ్రాముల పొడి. యాభై గ్రాములంటే గుప్పెడు అనుకోకండి, రెండు లీటర్ల డబ్బా నిండుతుంది. ఊరికే కర్రతో కలిపితే పొడి ఉండలు కడుతుందట. ఆ ఉండలు విడిపోవాలంటే మూడు ఉక్కు రోలర్ల మధ్య నలగాలి. అట్లాంటి మిల్లు ఆరాంఘర్ దగ్గర ఒక అక్కకు ఉంది. మహేశ్వరం నుంచి వచ్చి ప్రింటింగ్ సిరాలు నూరి అమ్ముతుంటుంది. మేడంకు ఆ రోజు ల్యాబులో పని పడింది. "తూచి, నూరించి తీసుకురండి" అని చెప్పి, రెజినూ పొడి ఉన్న పెద్ద డబ్బా మొత్తమూ నా చేతిలో పెట్టి పోయింది.

ఆటోలో పోతుంటే బొలేరో గుర్తొచ్చింది. సారు నిజంగానే బొలేరో తెస్తే? సుద్దపొడి ఎక్కువైన కొద్దీ పలక బలహీనమవుతుంది. ఇది దానికి ఉల్టా పొడి కదా, మరి ఎక్కువైన కొద్దీ బలం పెరగాలి కదా? నా బుర్రకు ఆ లెక్క అద్భుతంగా తోచింది. మిల్లు దగ్గర యాభైకి బదులు నూటయాభై గ్రాములు వేశాను. వేసేటప్పుడు ఒక తుమ్ము వచ్చింది. నా ముఖం, అక్క గోడ, పక్క షాపు పిల్లి, అన్నీ నల్లబడ్డాయి. పిల్లి మాత్రం కోత.

అక్క కత్తి కొనతో ఇంత ముద్ద తీసి గాజు పలక మీద పలుచగా గీసి, ఎండకు పట్టి చూసింది. సిరా నూరేవాళ్లు ఎప్పుడూ అట్లాగే చూస్తారు.

"తమ్మీ, గిది రెజినా, అంబలా? ఇగో, గింజలు కనవడుతున్నయ్. పొడి ఎక్కువైంది."

"గింజలు గావక్కా, గది బలం. కండ్లకు కనవడే బలం."

"నీ బలం పాడుగాను, నా మిల్లు మొరాయిస్తున్నది" అంది అక్క. రెండుసార్లు నూరి ఇచ్చి పంపేసింది.

మరునాడు చాచా పలక పరిచాడు. రోలర్ నడుపుతూ మధ్యలో రెండుసార్లు ఆగి భుజం నొక్కుకున్నాడు.

"ఏందిరా, నడుస్తలేదు?"

"చల్లగున్నది చాచా, మబ్బు పట్టింది గదా" అన్నాను. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఆయన పైకి చూడలేదు, నన్ను నమ్మి రోలర్ నడిపాడు. నా మాట ఆయన నమ్మిన రోజు అదొక్కటే.

సారు వచ్చాడు. పలకను రెండు ఇనుప దిమ్మెల మీద అడ్డంగా పెట్టి ఒక్కో బస్తా పేర్చారు. తొమ్మిదో బస్తాకు టప్ అని చప్పుడు వచ్చింది. పలక నడుమ దాకా విచ్చింది. సారు వంగి, విరిగిన అంచును వేలితో గీకాడు. తెల్లటి గాజునార పొడిపొడిగా రాలింది.

"చూడు చాచా, ఈడ రెజిన్ లోపలికి తాగనే లేదు. రోలర్ సరిగ్గ పడలే. చేతిపని అంటే గింతే."

చాచా ఆ నారను చూశాడు. తరవాత తన అరచేతిని చూసుకున్నాడు.

మరునాడు పొద్దున షెడ్డుకు పోయేసరికి రోలర్ మేకుకు వేలాడుతోంది. చాచా స్టూలు మీద కూర్చొని ఉన్నాడు.

"నా చెయ్యి అయిపోయింది బేటా. గా దినమే తెలిసింది. రోలర్ తోస్తుంటే గోడను తోసినట్టున్నది. భుజంల దమ్ము లేదు. పని మెషినోళ్లకే ఇయ్యమని సారుకు చెప్పు. నేనిగ పలక ముట్ట."

ఇరవై ఏళ్లలో ఆయన రోలర్‌ను మేకుకు తగిలించింది పండగలకు మాత్రమే. ఎదురుగా వెళ్లి కింద కూర్చున్నాను.

"చాచా, నీ చెయ్యి కాదు. పొడి నేనే మూడింతలు వేసిన. గందుకే గట్టిగైంది. తప్పు నాది."

ఆయన నా వైపు చూశాడు. కళ్లలో కోపం వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది జాలి.

"నా దిల్ నొయ్యద్దని చెప్తున్నవ్. నీ కోతలల్ల గిదొక్కటే మంచి కోత. ఖుష్ రహో."

"కోత కాదు చాచా! ఒట్టు!"

"పైలట్ మీద గూడ ఒట్టేసినవ్."

ఉన్నది ఉన్నట్టు చెప్పడమెట్లాగో నాకు తెలియదు. గొంతు పెంచితే ఇంకా కోతలా వినబడుతోంది, తగ్గిస్తే దొంగ మాటలా ఉంది. బయటికి వచ్చి మేడంకు ఫోన్ చేశాను.

"మూడింతలా! ఎందుకు వేశారండీ?"

"బలం కోసం మేడం."

"ఉప్మాలో రవ్వ ఎక్కువైతే ఏమవుతుంది? ఉండలు కడుతుంది కదా? ఇదీ అంతే. పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉండలవుతాయి. ఒక్కో ఉండ దగ్గరా పగులు మొదలవుతుంది. పైగా రెజిన్ చిక్కబడి చాపలోకి దిగనే దిగదు. ఆ రోలర్ కదలకపోవడం ఆయన తప్పు కాదు."

"మీరే జర చెప్పుండ్రి మేడం. నన్ను నమ్ముతలేడు."

"నేను చెప్పినా ఓదారుస్తున్నాననే అనుకుంటారు. ఆయనకు మన మాటలతో పనిలేదు. ఆయన చేతికే తెలియాలి."

రెండు రోజుల తరవాత మేడం వచ్చి చాచా ముందు నిలబడింది. తన చదువు కోసం మూడు పలకలు చేసిపెట్టమని, ఇదే చివరిసారి అని అడిగింది. చదువు అంటే చాచా కాదనలేడు. రోలర్ మేకు మీది నుంచి దిగింది. మూడు పలకలకూ మూడు బకెట్ల రెజిన్ ముందే తయారుగా ఉంది. ఒకదాంట్లో పొడి లేదు, నల్ల రంగు మాత్రం కలిపాం. ఒకదాంట్లో సరైన తూకం. ఒకదాంట్లో నేను ఆ రోజు వేసినంత. మూడూ ఒకే నలుపు. తూచింది మేడం, నూరింది అక్క. మొదటి రెండూ నూరినప్పుడు అక్క గాజు పలకను ఎండకు పట్టి, "ఇయ్యాల నీ బలం కనవడుతలేదు తమ్మీ" అని ఎగతాళి చేసింది. బకెట్లు మోయడానికి తప్ప నన్ను దేనికీ దగ్గరికి రానివ్వలేదు. ఏ బకెట్‌లో ఏముందో చాచాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి పలక. రోలర్ చకచకా నడిచింది. చాచా ముఖంలో ఏ మార్పూ లేదు.

రెండో పలక. "జర చిక్కగున్నది" అన్నాడు. కానీ చెయ్యి ఆగలేదు. బుడగలు చిన్నగా చిటపటమంటూ అంచుకు పోయాయి.

మూడోది. రోలర్ నాలుగడుగులు పోయి ఆగింది. చాచా భుజం నొక్కుకోబోయి, ఆ చెయ్యి గాల్లోనే నిలిపాడు. మళ్లీ తోశాడు. రోలర్ వెంట నల్లటి ముద్ద గుంజుకొచ్చింది. పైనుంచి విమానం ఒకటి రేకులు అదిరేలా పోతోంది. ఆ చప్పుడు తగ్గేదాకా ముగ్గురం కదలలేదు. చాచా రెండో పలక దగ్గరికి పోయి తడి అంచు మీద రోలర్ పెట్టాడు. సాఫీగా నడిచింది. మళ్లీ మూడోదాని మీద పెట్టాడు. మొరాయించింది.

"గిదే" అన్నాడు చాచా మెల్లగా. "గా దినం పట్టింది గిదే."

నా వైపు తిరిగాడు.

"ఎన్నింతలు?"

"మూడింతలు."

"నువ్వే?"

"నేనే."

నా జన్మలో అంత పొట్టి మాటలు మాట్లాడలేదు.

"బద్మాష్!" అని రోలర్ ఎత్తి నా మీదికి వచ్చాడు. నేను పరుగెత్తాను. అరవై దాటిన మనిషి అచ్చుల చుట్టూ నన్ను రెండు చుట్లు తరిమాడు. కావాలంటే మేడంను అడగండి. "నా భుజం పోయిందని మూడు రాత్రులు నిద్రవోలే కదరా! మబ్బు పట్టిందంటివి! యాడున్నది మబ్బు?" అని అరుస్తూ తరిమాడు. తిట్లు తింటుంటే అంత సంతోషం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మేడం గోడకు ఆనుకుని కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతోంది. ఇద్దరం ఆయాసంతో ఆగాక, చాచా తన కుడి భుజం మీద రెండు దెబ్బలు చరుచుకున్నాడు, అలిగి పోయిన మనిషి ఇంటికి తిరిగొస్తే చరిచినట్టు. రెజిన్ గట్టిపడకముందే మళ్లీ అచ్చు మీదికి వంగాడు. ఆ చెడ్డ పలకను కూడా సగంలో వదల్లేదు, అందినంత నొక్కి పూర్తి చేశాడు.

సారును మళ్లీ రప్పించడానికి నాకు నాలుగు ఫోన్లు పట్టాయి. వచ్చాడు. ఆయన వెంట చాయ్ కొట్టు మొత్తం కదిలొచ్చింది. మూడింతల పలక తొమ్మిదో బస్తాకే విరిగింది, అదే టప్ చప్పుడుతో. పొడి లేనిది పద్నాలుగుకు విరిగిపోయింది. సరైన తూకం పలక మీద పద్నాలుగు పడ్డాయి, పదిహేను పడ్డాయి, పద్దెనిమిది పడ్డాయి. ఇరవయ్యో బస్తాతో తెచ్చినవన్నీ అయిపోయాయి.

"ఇగ బస్తాలు లేవు" అన్నాడు సారు.

"ఈడొకటున్నది" అని చాచా నన్ను చూపించాడు.

బస్తాల మీదికి ఎక్కి కూర్చున్నాను. పలక కొంచెం ఊగింది, అంతే. కింద నుంచి ఈలలు మోగాయి. బస్తాలన్నీ దించాక అది మళ్లీ తిన్నగా నిలిచింది. చాచా దాని అంచు వెంట చెవి ఆనించి వేలితో తట్టుకుంటూ పోయాడు, ఎక్కడా బోలు చప్పుడు రాలేదు.

"ఒక్క పరీక్షతో అయిపోలేదు సార్" అంది మేడం. "ఎండకూ వానకూ రోజూ పడే దెబ్బలకూ ఎలా ఉంటుందో చూడాలి."

"చూద్దాం. ముందుగాల పది పలకలు చెయ్యుండ్రి, బండ్లకు బిగించే చూద్దాం" అన్నాడు సారు. తరవాత చాచా వైపు తిరిగి కొంచెం నసిగాడు. "చాచా, మొన్న చేతిపని అని ఒక మాటన్న. మనసుల వెట్టుకోకు."

"చేతిదేం లేదు సార్" అన్నాడు చాచా. "చేతికి ఏమిస్తే గదే చేస్తది."

ఆ పది పలకలు బండ్లకెక్కి నెలలయ్యాయి. ఇప్పుడు రెండో వరస నడుస్తోంది. పొడి తూచే పని చాచా నాకే ఇచ్చాడు. శిక్షో, నమ్మకమో నాకు తెలియదు. డబ్బా తీసి, ముఖానికి గుడ్డ కట్టుకుని, త్రాసు మీద దూది పరిచినట్టు పొడి వేస్తాను. అచ్చు దగ్గర నుంచి గొంతు వినబడుతుంది.

"ఎంత?"

"యాభై గ్రాములు, చాచా."

"పక్కా?"

"పక్కా."

అయినా ఆగడు. లేచి, అచ్చులు దాటుకుంటూ వచ్చి, కళ్లద్దాలు పైకి నెట్టి త్రాసు మీద అంకె చూస్తాడు. యాభై. నా వైపు ఒక చూపు చూసి వెనక్కి పోతాడు. ఆ వచ్చీపోయేంత సేపూ రోలర్ ఆయన చేతిలోనే ఉంటుంది.